ముప్పై ఆరుకి ముందు ఒకటి

చిరంజీవి బావమరిదికి,

ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమనే తలుస్తాను. కాకపోయినా, నీ నత్తనడకకి ఆ కబురు నాకు చేరేసరికి నీకు నయమైపోయి ఉంటుంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక అట్టపెట్టె పంపుతున్నాను. అందులో నలభై ఒక్క రోళ్ళ ఫిల్ము ఉంది. మూడుసార్లు లెక్కపెట్టాను. సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్ళు గొలుసు పట్టి భూములు కొలిచినవాణ్ణి, లెక్క తప్పానని ఇంతవరకూ నన్ను ఎవరూ అనలేదు. ఒక్కో రోలుకి ముప్పై ఆరు ఫోటోలు, ఆరేసి చొప్పున ముక్కలు కోసి కాగితం తొడుగుల్లో ఉన్నాయి. పెట్టె తీస్తే పుల్లటి వాసన వస్తుంది. ఫిల్ము పులిసిపోతోందట. ఇంకో రెండేళ్ళలో చుట్టలు చుట్టుకుపోయి దేనికీ పనికిరాదని స్టూడియో అతను చెప్పాడు. అతని దగ్గర ఇప్పుడు ఆ మిషను లేదు. నువ్వు ఇంట్లోనే ఫిల్ముని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నావని మీ అక్క ఉన్న రోజుల్లో చెప్పేది. వాడికో పిచ్చి పట్టింది, మంచి పిచ్చే అనేది.

నాకు కావలసింది ఒకటే. మీ అక్క ఫోటో. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. పాత ప్రింట్లన్నీ ఒకసారి పైకప్పు కారి ముద్దయిపోయాయి. ముప్పై రెండేళ్ళు కెమెరా మెళ్ళో వేసుకు తిరిగినవాడి ఇంట్లో భార్య ఫోటో ఒక్కటి లేదు. ఉన్నదల్లా గుర్తింపు కార్డు మీది. అందులో ఆవిడ ఎవరినో పొడిచి పట్టుబడినట్టు ఉంటుంది. ఈ మధ్య కళ్ళు మూసుకుంటే ఆ కార్డు ముఖమే వస్తోంది, అసలు ముఖం రావడం లేదు. అది నాకు భయంగా ఉంది.

కెమెరా కనపడగానే అరచెయ్యి లేపి ముఖానికి అడ్డం పెట్టుకోవడం ఆవిడ అలవాటు, నీకూ తెలుసు. ఇన్ని రోళ్ళలో ఎక్కడో ఒకచోట చెయ్యి దించకపోయి ఉంటుందా? అది వెతికి పెట్టు. ఫోటోలు తీసినప్పుడల్లా నేను రాసుకున్న పుస్తకం కూడా పెట్టెలో ఉంది. నంబరు, వస్తువు, దూరం, వెలుతురు, అన్నీ ఉన్నాయి.

ఫోన్ చెయ్యకు. నా కుడి చెవి రిటైరయింది, ఎడమ చెవి దీర్ఘకాలిక సెలవులో ఉంది.

ఇట్లు,
మీ బావ

తా.క. పెట్టెకి తాడు నేనే కట్టాను. కొయ్యకు, విప్పు. ముడి తూర్పు వైపు ఉంది. తికమక పడతావని పెట్టె మీద ఉత్తరం దిక్కుకి బాణం గుర్తు కూడా వేశాను.

*

మహారాజశ్రీ బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాయునది. పెట్టె అందింది. ముడి విప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. పెట్టెని ఎటు తిప్పితే మీ బాణం అటే ఉత్తరమంది.

వారమంతా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాను కాబట్టి ఈ పనికి నాకు ఆదివారాలే దొరుకుతాయి. స్కానరు వంటింటి బల్ల మీద ఉంది. నాకు ఉన్నది ఆ ఒక్క బల్లే. అందుకని మూడు వారాలుగా నిలబడి తింటున్నాను. ఎదురుగా కూర్చునేవాళ్ళు ఎలాగూ లేరు, కూర్చున్నా నిలబడ్డా ఒకటే.

ముందు చేతులకి నూలు తొడుగులు వేసుకోవాలి. ఫిల్ము ముక్క మీద రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, చట్రంలో బిగించి, స్కానరులో పెట్టాలి. ఒక్క ముక్కకి ఇరవై నిమిషాలు. నన్ను నత్త అంటారు గానీ నా స్కానరుని చూస్తే నన్ను గుర్రం అంటారు. నెగటివ్‌లో అందరికీ జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా ఉంటాయి. మీ ఆఫీసు కుర్రాళ్ళంతా పండు ముసలివాళ్ళు. తర్వాత ఒక మీట నొక్కితే రంగులు తిరగబడి, తెర మీద ముసలివాళ్ళంతా ఒక్కసారి పడుచువాళ్ళయిపోతారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

మొదటి రోలు ముప్పై ఆరూ ప్రింటు తీసి పంపుతున్నాను. అక్క తొమ్మిదింటిలో ఉంది. ఎనిమిదింటిలో చెయ్యి అడ్డం. తొమ్మిదోదాంట్లో చెప్పుల పట్టీ పెట్టుకుంటూ వంగి ఉంది, చెంప ఒక్కటే కనిపిస్తోంది. ఇంకా నలభై రోళ్ళున్నాయి. దిగులు పడకండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. నన్ను పెంచింది అక్కే. ఇంట్లో నా ముందు పగలబడి నవ్వేది. కెమెరా చూస్తే మాత్రం ఎందుకలా చెయ్యి లేపేదో నాకెప్పుడూ చెప్పలేదు. మీకేమైనా తెలుసా?

*

చిరంజీవి నత్తకి,

ఆశీస్సులు. ముప్పై ఆరు ఫోటోలు అందాయి. లెక్క సరిపోయింది. అదొక్కటే సరిపోయింది.

మా పాత ఇంటి గేటు తూర్పు గోడకి దక్షిణం కొసన ఉండేది. నీ ఫోటోలో ఉత్తరం కొసకి పాకింది. ఆఫీసువాళ్ళు భోజనానికి కూర్చున్న ఫోటోలో పదకొండు మందీ ఎడమచేత్తో తింటున్నారు. ఒకరిద్దరైతే సరేలే అనుకోవచ్చు, శాఖ మొత్తానికీ ఎడమచేతి వాటం వస్తుందా? మీ అక్క మగవాళ్ళ గడియారం ఎడమచేతికి పెట్టుకునేది, ముఖం మణికట్టు లోపలివైపుకి తిప్పి. నువ్వు దాన్ని కుడిచేతికి మార్చావు. అసలివి మావాళ్ళ ఫోటోలేనా అని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు గడ్డం గీసుకుంటూ ఒకటి అద్దానికి చూపిస్తే అందులో అంతా సరిగ్గా ఉంది. ఇక మీదట ఫోటోకి ఒక అద్దం చొప్పున పంపుతావా?

ఇంకొకటి. చెప్పులు వేసుకుంటున్న ఫోటోలో మీ అక్క చెవి కింద పుట్టుమచ్చ ఏది? ముప్పై రెండేళ్ళు నేను రోజూ చూసిన పుట్టుమచ్చ. దాన్ని ఎవరు తీశారు?

ఇకనుంచి ప్రతి ఫోటో వెనకా నంబరూ, ఆ నంబరుకి నా పుస్తకంలో ఉన్న వివరమూ ముద్రించు. నంబరుకి నంబరు చూసి వెయ్యి, నీ బుర్ర వాడకు. ఒక సెట్టు నాకు, ఇంకో సెట్టు నేరుగా మా పెద్దక్కకి పంపు. ఆవిడకి ఎనభై దాటాయి, పాత ఫోటోలు చూసి సంతోషిస్తుంది.

ఇట్లు,
బావ

తా.క. నీ తా.క. చదివాను. దానికి జవాబు రాయను. చేతులున్న ఫోటోలు ఎనిమిదీ గోడకి వరసగా పెట్టాను. అరచేతి గీతలు స్పష్టంగా వచ్చాయి. ఆయుష్షు గీత పొడుగ్గానే ఉంది.

*

మహారాజశ్రీ బావగారికి,

నమస్కారాలు. తప్పు నాదే. ఫిల్ముకి ఒక పక్క నిగనిగలాడుతుంది, ఒక పక్క మెరుపు లేకుండా ఉంటుంది. ఏది పైకి పెట్టాలో ఏది కిందికి పెట్టాలో తెలిసి కూడా తిరగేసి పెట్టాను. పదకొండు మంది ఉద్యోగులకీ నా క్షమాపణలు.

పుట్టుమచ్చ సంగతి ఇంకా ఘోరం. దుమ్ము మరకల్ని దానంతట అదే తుడిచేసే మీట ఒకటుంది. నేను దాన్ని చివరికంటా తిప్పి పెట్టాను. చిన్న నల్లచుక్క కనబడితే చాలు, అది చెత్త అనుకుంటుంది. చెరువు మీద ఎగిరే పక్షుల్ని తుడిచేసింది. మీ పై అధికారి చొక్కాకి గుండీలు తీసేసింది. ఇదేమిటని నా ఫోటోనే ఒకటి దానికి పెట్టి చూశాను. పుట్టుకతో వచ్చిన నా పన్ను మీది పన్ను కూడా మాయం. అక్కకీ నాకూ మా అమ్మ ఇచ్చిన ఆస్తి అదొక్కటే, దాన్నీ ఊడ్చేసింది. ఇప్పుడు ఆ మీటని సగానికి తగ్గించాను. మొదటి రోలు మళ్ళీ చేశాను. పుట్టుమచ్చ తిరిగి వచ్చింది, చూసుకోండి.

రెండో రోలు నుంచి ఆరో రోలు దాకా పూర్తి చేసి, వెనక వివరాలు ముద్రించి, మీకొక సెట్టూ మీ పెద్దక్కగారికొక సెట్టూ నిన్ననే పంపాను. మీరు చెప్పినట్టు బుర్ర వాడలేదు. నంబర్లు కంప్యూటరే వేసింది, వాటి పక్కన మీ వాక్యాలు నేను చేర్చాను.

అక్క ఈ అయిదు రోళ్ళలో ముప్పై ఒక్కసార్లు ఉంది. ముప్పై ఒక్క చేతులు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. మీవాళ్ళ గురించి పుస్తకంలో మీరు రాసుకున్నవి చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. మీ పెద్దక్కగారి దగ్గర మీకు ఇంత చనువుందని నాకిన్నాళ్ళూ తెలియదు.

*

బావమరిదికి,

ఆశీస్సులు లేవు. మా పెద్దక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నవి రెండే మాటలు: "నమిలాను. మింగాను." కింద సంతకం ఉండవలసిన చోట "మేక" అని ఉంది.

నాకేమీ అర్థం కాక నువ్వు పంపిన సెట్టు తిరగేసి చూశాను. మా పెద్దక్క పెళ్ళిపందిట్లో ప్లేటు పట్టుకుని ఉన్న ఫోటో వెనక "14. మేక. పది అడుగులు. నిలబడి నమలుతోంది." మా చిన్నమామ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఫోటో వెనక "22. నీళ్ళ ట్యాంకు. కింది భాగం ఉబ్బింది, పగుళ్ళున్నాయి." ఆయన ఫోటో కూడా మా పెద్దక్క చేతికే వెళ్ళింది. ఇద్దరూ పక్కపక్క వీధుల్లోనే ఉంటారు.

అవి సరే. మీ అక్క చెయ్యి అడ్డం పెట్టుకున్న ఫోటో వెనక నువ్వు వేసింది చదివాను. "31. పాడుబడ్డ ఇల్లు. లోపల ఎవరూ లేరు." ఆ మాట ఆవిడ ఫోటో వెనక ఉండవలసింది కాదు. నా ఫోటో ఏదైనా ఉంటే దాని వెనక వెయ్యవలసింది.

నిన్ను నత్త అన్నందుకు పాతికేళ్ళు కడుపులో పెట్టుకుని ఇలా తీర్చుకుంటావనుకోలేదు. ఆవిడ ఉన్నప్పుడు మనిద్దరి మధ్యా మాటలు ఆవిడే మోసేది. ఇప్పుడు మోసేవాళ్ళు లేరు కాబట్టి ఇంతటితో ఆపుదాం. పెట్టె తిరిగి పంపు. నలభై ఒక్క రోళ్ళూ లెక్కపెట్టి పంపు.

ఇట్లు,
సర్వేయరు (రిటైర్డు)

తా.క. ఇకమీదట ఈ ఇంటికి ఉత్తరం రాసేది కరెంటు ఆఫీసు ఒక్కటే. వాళ్ళు నా క్షేమం అడగరు. పోయిన ఉత్తరం కవరు మీద దగ్గుమందు మరక ఉంది. నీకు దగ్గు తగ్గిందా?

*

గౌరవనీయులైన సర్వేయరు గారికి,

నమస్కారం. నేను కోపంలో ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం ఎప్పటికన్నా తొందరగా రాస్తున్నాను.

మీ పెద్దక్కగారి ఫోటో వెనక మేక అని పడితే నాకు అనుమానం రాలేదా అంటే రాలేదు. బావమరిదిని నత్త అన్న మనిషి అక్కని మేక అనడా, మామని ట్యాంకు అనడా అనుకున్నాను. మీ ఇంట్లో ఇదొక మురిపెం కాబోలు అనుకున్నాను. అక్క ఫోటో వెనక పాడుబడ్డ ఇల్లు అని చూసినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. కానీ ఆవిడ పోయాక పుస్తకంలో మీరు అలా దిద్దుకున్నారేమో, నేను చెరపకూడదు అనుకున్నాను. అంతే. నా మనసులో పాతికేళ్ళ పగ లేదు. నత్త అంటే నాకు ఇష్టం కూడా. నాకు పేరు పెట్టి పిలవడానికి ఇంకెవరున్నారు?

మీ ఉత్తరం వచ్చాక అసలు తప్పెక్కడుందో వెతికాను. తప్పు నాది కాదు, మీదే. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. మీ రోలుకి ముప్పై ఆరు కాదు, ముప్పై ఏడు ఉన్నాయి. ప్రతి రోలు మొదట్లోనూ ఒక్క ఫోటో అంత అదనపు ముక్క ఉంది. సగం కాలిపోయినట్టు ఉంటుంది. మిషను దానికి ఒకటో నంబరు వేస్తోంది. అది బొమ్మ కాదు చెత్త అని నేను తీసి పారేస్తున్నాను. దాని నంబరు మాత్రం పోవడం లేదు. అందుకని మీ ఒకటి నాకు రెండు, మీ పదమూడు నాకు పద్నాలుగు. మేక మాట ఆ పక్క ఫోటోది. పుస్తకంలో లేని ఫోటో ఫిల్ము మీద ఎలా ఉంది? ముప్పై నాలుగేళ్ళు గొలుసు పట్టిన మీరే చెప్పాలి.

మాట మీద నమ్మరు కాబట్టి రెండో రోలుకి ముందున్న ఆ చెత్త ముక్కని సాక్ష్యంగా ప్రింటు తీసి పెడుతున్నాను. దుమ్ము కూడా తుడవలేదు. అంచు మీద సున్నా అంకె చూడండి. ఒక పక్కంతా మండిపోయిన తెలుపు, ఆ తెలుపుకి బెదిరి మిషను రెండో పక్కంతా చీకటి చేసింది. అందులో చూడడానికేమీ లేదు. ఎవరిదో మోచెయ్యి, ఏదో గుండ్రటి వస్తువు.

పెట్టె శనివారం పంపిస్తాను.

ఇట్లు,
నత్త

తా.క. దగ్గు తగ్గలేదు. అది అడిగేవాళ్ళు నాకు మీరొక్కరే మిగిలారు. ఈ మాట కూడా కోపంలోనే రాస్తున్నాను.

*

ఒరేయ్ నత్తా,

పెట్టె పంపకు.

ఆ గుండ్రటిది కెమెరా మూత. నువ్వు పంపిన సాక్ష్యాన్ని కిటికీ దగ్గర పెట్టి, మ్యాపులు చూసే భూతద్దంతో చూశాను. చీకట్లో ఒక మణికట్టు ఉంది. గడియారం లోపలివైపుకి తిరిగి ఉంది.

రోలు ఎక్కించినప్పుడు మొదట రెండుసార్లు ఉత్తినే నొక్కి ఫిల్ము ముందుకి జరపాలి. వెలుతురు తగిలి పాడైన భాగం అలా దాటిపోతుంది. మొదటి నొక్కు పూర్తిగా కాలిపోతుంది, రెండోది సగం. అవి ఫోటోలు కావు కాబట్టి పుస్తకంలో రాయలేదు. స్టూడియోవాళ్ళు ప్రింటూ వెయ్యలేదు. అప్పుడు నేను కెమెరాలోంచి చూసేవాణ్ణి కూడా కాదు. గుండెల దగ్గర పట్టుకుని నొక్కేసేవాణ్ణి. ఎదురుగా ఎవరున్నారో పట్టించుకోలేదు.

ఎదురుగా ఆవిడ ఉండేది. ఎప్పుడూ. పెళ్ళయిన కొత్తలో నేను మూత తియ్యకుండా ఒక రోలు మొత్తం తీశాను. అప్పటినుంచి మూత తీసి తన చేతిలో పెట్టుకుని కెమెరా తోలుసంచీతో సహా నా ఎదురుగా నిలబడేది, నేను సిద్ధమయ్యేదాకా.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మూత తియ్యని ఆ రోలులోనే, ఆవిడని మొట్టమొదటి ఫోటో తీసేటప్పుడు నేను ఒక మాట అన్నాను. "నోరు మూసుకుని నవ్వు, పన్ను మీది పన్ను కనిపిస్తోంది" అన్నాను. ఫోటో బాగా రావాలనే అన్నాను. తర్వాతి ఫోటోకి చెయ్యి లేపింది. మళ్ళీ దించలేదు. నేను అన్న మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నలభై ఒక్క రోళ్ళలోనూ ఆ సగం కాలిన ముక్కలు తీసి చూడు. ఆ దుమ్ము మీట పూర్తిగా ఆపెయ్యి. ఏదీ తుడవకు, ఏదీ దిద్దకు.

బావ

తా.క. లెక్క నేనే తప్పాను. ఈ కాగితం జాగ్రత్తగా దాచుకో, మళ్ళీ రాసివ్వను.

*

మహారాజశ్రీ బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాయునది. షాపులో నాలుగు రోజులు సెలవు అడిగాను. యజమాని ఎందుకని అడిగితే మా అక్క వచ్చిందన్నాను.

తెల్లగా కాలిన పక్కకి అట్టముక్క అడ్డం పెట్టి, మిగతా సగాన్నే చూడమని మిషనుకి చెప్పాను. చీకటి మెల్లగా విడిపోయింది. నలభై ఒక్క ముక్కల్లో ఆరింటిలో నేల, మీ చెప్పులు మాత్రమే ఉన్నాయి. నాలుగింటిలో మూత పట్టుకున్న చెయ్యి ఉంది. మిగిలిన ముప్పై ఒకటింటిలోనూ అక్క ఉంది బావగారూ. ఏ ఒక్కదాంట్లోనూ చెయ్యి లేవలేదు. కెమెరా ఇంకా మొదలవలేదని ఆవిడ అనుకుంది.

మొదటిదాంట్లో ఇరవై నాలుగేళ్ళుంటాయి. గాలికి జుట్టు నోట్లో పడితే ఉఫ్ అని ఊదుకుంటోంది. పదకొండో రోలులో వాన. ఒక చేత్తో మీ కెమెరాకి గొడుగు పట్టింది, ఒక చేత్తో తోలుసంచి, మూత పళ్ళ మధ్య పెట్టుకుంది. తాను తడిసిపోయింది. పంతొమ్మిదోదాంట్లో ఇంకెంతసేపు అన్నట్టు మణికట్టు తిప్పి గడియారం చూస్తోంది. ఇరవై ఆరోదాంట్లో మీరు ఏదో అన్నట్టున్నారు, పగలబడి నవ్వుతోంది. పన్ను మీది పన్ను కనిపిస్తోంది. సగం తల వెలుతుర్లో కాలిపోయింది గానీ నవ్వు మొత్తం ఉంది. పుట్టుమచ్చ ఉన్న చోటే ఉంది. కొన్ని మసకగా వచ్చాయి. అయినా ఆవిడే.

ఇంకో సంగతి. ఎందులోనూ ఆవిడ కెమెరాని చూడడం లేదు. దానికి జానెడు ఎత్తులో చూస్తోంది. మీ ముఖాన్ని. మీరు ఫిల్ముతో అవస్థ పడుతుంటే ఆవిడ చూసిన చూపు ముప్పై ఏళ్ళలో ఏమీ మారలేదు. మీరు ఏదో అన్నారు, నిజమే. ఆ మాటకి ఆవిడ పేచీ కెమెరాతో పెట్టుకుంది గానీ మీతో పెట్టుకోలేదు.

నేను ఏడ్చాను. ఈ నూలు తొడుగులతో కళ్ళు తుడుచుకుంటే ఫిల్ముకి తేమ తగులుతుంది. అందుకని చేతులు పక్కకి పెట్టి ఏడవవలసి వచ్చింది. మూడో రోజు స్కానరుని నేల మీదికి దించి, ఆ ప్రింట్లన్నీ బల్ల మీద పరిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని తిన్నాను.

ముప్పై ఒకటీ పంపుతున్నాను. మీరు చెప్పినట్టే ఏదీ తుడవలేదు.

ఇట్లు,
మీ నత్త

తా.క. ఆఖరిది, నలభై ఒకటో రోలుది, మిగతావాటి కింద పెట్టాను. అందులో అక్క చిక్కిపోయి ఉంది, నిలబడలేక కుర్చీలో కూర్చుంది. నీలం స్వెట్టరు వేసుకుంది. మూతని కుడి జేబులో పెట్టుకుంటోంది. చూసే ముందు కూర్చోండి.

*

చిరంజీవి నత్తకి,

ఆశీర్వదించి రాయునది. కూర్చునే చూశాను. చూసిన తర్వాత కళ్ళు మూసుకున్నాను. గుర్తింపు కార్డు ముఖం రాలేదు.

గోడ మీద ఎనిమిది చేతులూ తీసి లోపల పెట్టాను. ముప్పై ఒకటికీ చోటు కొలిచాను. వరసకి ఎనిమిది, నాలుగు వరసలు, ఆఖరి వరసలో ఒక చోటు మిగులుతుంది. మా పెద్దక్కకి ఇరవై ఆరోది ఒకటి పంపాను, నా లెక్క తప్పిందని కూడా రాశాను. జవాబు వచ్చింది. మేక క్షమించిందట. ట్యాంకు మాత్రం ఇంకా ఆలోచిస్తోందట.

నువ్వు రాసిన తా.క. చదివాక మీ అక్క అలమరా తెరిచాను. ఆవిడ పోయాక దాన్ని తెరవడం ఇదే మొదలు. నీలం స్వెట్టరు కుడి జేబులో మూత ఉంది. నేను ఏడాదిన్నరగా దాని కోసం ఇల్లంతా గాలిస్తున్నాను. కెమెరా బోసిగా ఉండి దుమ్ము పడుతుంటే రుమాలు కప్పి పెట్టాను.

మూత పెడదామని కెమెరా కిందికి దించాను. నంబరు ఇరవై తొమ్మిది దగ్గర ఆగి ఉంది. అందులో రోలు ఉంది రా. నలభై రెండోది. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం ఎక్కించి ఇరవై తొమ్మిది తీశాను, ఆవిడ వెళ్ళాక ముట్టుకోలేదు. నీకు పెట్టె కట్టినప్పుడు నలభై ఒకటి అని మూడుసార్లు లెక్కపెట్టి కూడా దీన్ని మర్చిపోయాను. అంటే రెండోసారి లెక్క తప్పాను.

ఆ రోజు ఎక్కించేటప్పుడు కూడా ఆవిడ ఎదురుగానే ఉంది. మూత తీసింది ఆవిడే. అంటే ఆ రోలులో ఒకటికి ముందు సున్నా దగ్గర ఇంకొక ముక్క ఉంది. నేను గోడ మీద వదిలిన చోటు దానికే.

రోలు పూర్తి చెయ్యకుండా కడిగించడం నాకు చేతకాదు, ఆ బుద్ధి నీకు తెలుసు. ఇంకా ఏడు ఫోటోలు తియ్యాలి. ఈ ఇంట్లో తియ్యడానికి మనుషుల్లేరు. ఎదురుగా నిలబడి మూత పట్టుకునేవాళ్ళు కూడా లేరు. నువ్వు వచ్చెయ్. స్కానరు కూడా తెచ్చుకో. ఇక్కడ బల్లలు రెండున్నాయి, ఒకదాని మీద అది, ఒకదాని మీద మనం. ఎన్నాళ్ళుంటావని అడగను. నత్తకి ఇల్లు వెంటే ఉంటుంది కాబట్టి తొందరేముంది.

ఇట్లు,
నీ బావ

తా.క. ఆ ఏడింటిలోనూ నువ్వే ఉండాలి. మీ అక్క పన్నే నీకూ ఉంది కదా, నవ్వు. నోరు మూసుకోమని ఈసారి ఎవరూ అనరు.